కొసరు వెలుతురు

మా ఫోటో షాపు అద్దాల కిటికీలో పన్నెండేళ్ళుగా ఒక పిల్ల నవ్వుతోంది. రెండు జడలు, ఎర్ర స్వెట్టరు, పాలమీగడ రంగు బుగ్గలు. ఆ ఫోటో చూసి మనసు పడి లోపలికొచ్చినవాళ్ళు నాన్నని అడుగుతారు, "ఆ పాపెవరండీ, ఎంత ముద్దుగా ఉందో!" అని. నాన్న ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది. కౌంటరు వెనక ఫిల్ము కత్తిరించుకుంటున్న నన్ను చూపించి "మా అమ్మాయే" అంటాడు. వాళ్ళు నన్ను చూస్తారు. కిటికీ వైపు చూస్తారు. మళ్ళీ నన్ను చూస్తారు. "ఓహో, ఈవిడ పెద్దమ్మాయా?" అంటారు.

పెద్దా లేదు, చిన్నా లేదు. మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ కిటికీలో ఉన్నది నాకు పదేళ్ళున్నప్పటి నేను.

అసలు సంగతి చెప్పేస్తాను, దాచడానికేముంది. నేను నలుపు. మా పిన్ని మర్యాద కోసం చామనఛాయ అంటుంది గానీ, చామనఛాయ మా అమ్మ దగ్గరే ఆగిపోయింది, నాదాకా రాలేదు. నాది నిగనిగలాడే నలుపు. నా రంగుతో నాకు ఏ పేచీ లేదు. నా పేచీ అంతా ఆ కిటికీలో పిల్లతోనే. నా జడలు వేసుకుని, నా స్వెట్టరు తొడుక్కుని, పన్నెండేళ్ళుగా నా పొగడ్తలన్నీ అదే కొట్టేస్తోంది.

మా షాపులో ఎవరి పని వాళ్ళది. అమ్మ కౌంటరులో కూర్చుని టోకెన్లు ఇస్తుంది. నేను ఫిల్ము కడుగుతాను, ఆరబెడతాను, ఒక్కో ముక్కకి ఆరు బొమ్మలుండేలా కత్తిరించి కవర్లలో పెడతాను. నాన్న ఫోటోలు తీస్తాడు, చీకటి గదిలో ప్రింట్లు వేస్తాడు. ఆ గదిలో, ఫిల్ము మీది బొమ్మని పెద్దది చేసి కాగితం మీదికి దించే ఎన్‌లార్జరు మీద మా ఎవరి చెయ్యీ పడకూడదు. నేను చిన్నప్పుడు ఒకసారి దాని నాబు తిప్పానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

నిరుటి ఎండలకి కిటికీలో ఫోటో వెలిసిపోయింది. పాలమీగడ కాస్తా నీలంగా తిరిగింది. ఒకరోజు మధ్యాహ్నం అమ్మ రోడ్డు మీంచి షాపులోకి వస్తూ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏవండీ, దాన్ని తీసేయండి. పిల్ల నీళ్ళలోంచి తీసినట్టుంది. చూస్తే భయమేస్తోంది" అంది.

"తీసేస్తాను. మళ్ళీ మనమ్మాయి ఫోటోనే పెడదాం. ఇప్పటిది తీద్దాం" అన్నాడు నాన్న ఉత్సాహంగా.

నేను కత్తెర కింద పెట్టాను. ఈ రోజు కోసం పన్నెండేళ్ళు కాచుక్కూర్చున్నాను మరి.

"తీద్దువుగాని నాన్నా. కానీ స్లైడు ఫిల్ము మీద తియ్యాలి" అన్నాను.

నాన్న మొహంలో ఉత్సాహం ఠక్కున ఆరిపోయింది. మా ఇంట్లో స్లైడు అనే మాట బూతుతో సమానం. ఎందుకో చెప్పాలి. మామూలుగా అందరూ వాడేది నెగటివ్ ఫిల్ము. అందులో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా తలకిందులుగా పడుతుంది. దాన్ని కాగితం మీద ప్రింటు వేస్తేగాని మనిషి మనిషిలా కనిపించడు. ఆ ప్రింటు వేసేటప్పుడు ముదురు చెయ్యాలన్నా, లేత చెయ్యాలన్నా, ఎరుపు తగ్గించాలన్నా అంతా వేసేవాడి చేతిలోనే ఉంటుంది. స్లైడు అలా కాదు. కడగ్గానే ఆ ఫిల్ము ముక్కే బొమ్మ. ఏది పడిందో అదే, మధ్యలో ఎవరి చెయ్యీ దూరదు. నాన్న ఇరవై ఎనిమిదేళ్ళుగా నెగటివ్ మనిషి. ఆయన తమ్ముడు, మా బాబాయి, స్లైడు మనిషి. పాఠ్యపుస్తకాలకి పువ్వులూ పురుగులూ తీసి పంపిస్తుంటాడు. అన్నదమ్ములిద్దరూ ఆస్తి దగ్గర ఒక్క మాట అనుకోలేదు గానీ, ఫిల్ము దగ్గర మాత్రం ఎన్నిసార్లు అన్నం ముందునుంచి లేచిపోయారో లెక్కలేదు.

"స్లైడా? దానికి మన్నింపు ఉండదే తల్లీ. కాస్త అటూ ఇటూ అయిందంటే అంతే సంగతులు. నెగటివ్ అయితే ఎంత తప్పు చేసినా చీకటి గదిలో సర్దుకోవచ్చు" అన్నాడు నాన్న.

"ఆ సర్దడమే నాకొద్దు. సర్దీ సర్దీ నన్ను ఎవరో దొరసాన్ని చేసి పెట్టావు."

"నేనా? నేనెప్పుడు చేశానే?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పట్టుకుని చీకటి గదిలోకి లాక్కెళ్ళి, లైటు వేసి, ఎన్‌లార్జరు పైన గోడకి గుచ్చి ఉన్న కార్డు చూపించాను. ఆ కార్డు ప్రింటు కాగితం కంపెనీవాళ్ళు పంపించింది. అందులో ఒకావిడ పూలున్న టోపీ పెట్టుకుని, తెల్లటి భుజాలు బయటికి పెట్టి నవ్వుతుంటుంది. మీ ప్రింట్లలో ఒంటి రంగు ఈవిడ రంగుకి దగ్గరగా వస్తే మీ రంగులు సరిగ్గా ఉన్నట్టు లెక్క అని దాని కింద రాసుంటుంది. నాన్న ఏ ప్రింటు వేసినా ముందు ఆ టోపీ ఆవిడ పక్కన పెట్టి చూసుకుని, తేడా ఉంటే సరిచేస్తాడు.

"ఇదిగో నీ పెద్ద కూతురు. ఇన్నేళ్ళూ నువ్వు ఈవిడ ఫోటోలే వేస్తున్నావు నాన్నా. మొహాలు మాత్రం మావి" అన్నాను.

"కంపెనీవాళ్ళు పంపించిన కార్డే అది! రంగులు తప్పకుండా ఉండటానికి..." అని ఆగాడు. ఆయనకి ఇంకా తప్పెక్కడుందో కనిపించలేదు. కనిపించడం లేదన్నదే నా బాధ. నేను తల్చుకుంటే ఆయన లేనప్పుడు ఆ గదిలో దూరి నా ఫోటో నేనే వేసుకోగలను. అది కాదు నాక్కావలసింది. మా నాన్న చేత్తో, నా రంగులో నా ఫోటో ఆ కిటికీలో ఉండాలి. కార్డు గోడ మీదున్నంతకాలం నెగటివ్‌ని నమ్మి ఆయన చేతికివ్వలేను. అందుకని స్లైడు. అందులో ఎలా పడితే అలాగే బాబాయికి తెలిసిన లాబువాళ్ళు పెద్దది చేసిస్తారు.

"నేను ఫోటోకి కూర్చోవాలంటే స్లైడే. లేదంటే ఆ నీలం పిల్లనే ఉంచుకో" అని చెప్పి వచ్చి మళ్ళీ కత్తెర అందుకున్నాను.

రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. అమ్మ మధ్యలో తపాలా ఆఫీసులా అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసింది. మూడో రోజు నాన్న మూతి ముడుచుకునే "సరే, మీ బాబాయిని అడుగు. కానీ తీసేది నేనే. నా షాపు కిటికీలో వాడు తీసిన ఫోటో పెట్టనంటే పెట్టను" అన్నాడు.

బాబాయి ఇంట్లో ఫ్రిజ్జు తీస్తే కూరగాయలుండవు, ఫిల్ము డబ్బాలుంటాయి. పిన్ని ఆ ఫ్రిజ్జుని ఎప్పుడో వదిలేసుకుంది. నేను సంగతి చెప్పగానే బాబాయి అక్కడే కుర్చీలో వెనక్కి వాలి ఇల్లంతా అదిరేలా నవ్వాడు.

"అన్నయ్య స్లైడు తీస్తాడా! ఒసేయ్ గడుగ్గాయ్, ఏం మందు పెట్టావే ఆయనకి?"

తర్వాత ఫ్రిజ్జు అడుగున ఉన్న ఒకే ఒక్క డబ్బా తీశాడు. దాన్నొక సీతాకోకచిలుక కోసం దాచుకున్నాట్ట. అది ఏడాదికి పది రోజులే కనిపిస్తుందట. ఇంకో డబ్బా తెప్పించుకోవాలంటే నెలలు పడుతుందట.

"అయితే వద్దులే బాబాయ్" అన్నాను.

"నోర్ముయ్. సీతాకోకచిలుక వచ్చే ఏడాది మళ్ళీ వస్తుంది. అన్నయ్యకి బుద్ధి మళ్ళీ వస్తుందన్న గ్యారంటీ లేదు" అని డబ్బా నా చేతిలో పెట్టాడు. అప్పుడు గొంతు తగ్గించాడు. "ఒక్కటే భయం. మీ నాన్న కొసరు."

మా నాన్న కొసరు సంగతి ఫోటోలు తీసేవాళ్ళందరికీ తెలుసు. వెలుతురు కొలిచే మీటరు ఎంత చెబితే దానికి రెట్టింపు వెలుతురు ఇస్తాడాయన. నెగటివ్‌కి వెలుతురు కాస్త ఎక్కువైతే మేలే, తక్కువైతేనే చేటు. అందుకని ముందుజాగ్రత్తగా వెలుతురుని పెంచీ తగ్గించే లెన్సు రింగు ఒక గడి ఎక్కువ తిప్పి "కొసరు" అంటాడు, చిల్లర కొట్టువాడు గుప్పెడు పప్పు పైన వేసినట్టు. ఇరవై ఎనిమిదేళ్ళలో కొసరు వేయకుండా ఆయన ఒక్క ఫోటో తీయలేదు. స్లైడుకి మాత్రం ఆ కొసరే విషం. ఒక్క గడి ఎక్కువైతే చాలు, మొహం సున్నం కొట్టినట్టు వెలిసిపోతుంది. అంటే స్లైడు మీద కూడా నేను మళ్ళీ ఆ టోపీ ఆవిడనే అవుతానన్నమాట.

"నాన్నకి చెబుతాను బాబాయ్, కొసరు వద్దని."

"చెప్పు. నేనూ చెబుతా. వినేది మాత్రం ఆయన వేళ్ళు" అన్నాడు బాబాయి.

ఆదివారం పొద్దున మేడ మీద స్టూడియో గదిలో నలుగురం చేరాం. ఉత్తరం వైపు పెద్ద కిటికీ, దానికి లాగే తెర, గోడకి బూడిదరంగు బట్ట, మధ్యలో నా స్టూలు. నాన్న షేవ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఫోటో తీయించుకునేది ఆయనే అనుకోవాలి చూసినవాళ్ళు.

"అన్నయ్యా, ఇది నెగటివ్ కాదు. మీటరు చెప్పిందే వేదం. కొసరూ గిసరూ ఏమీ..." అని మొదలుపెట్టాడు బాబాయి.

"నువ్వు నాకు చెప్పొచ్చేవాడివయ్యావా? నువ్వు నిక్కర్లు వేసుకున్నప్పుడు నేను కెమెరా పట్టుకున్నా!"

"ఆ కెమెరాలో ఫిల్ము లేదు కదా అప్పుడు."

"వదినగా చెబుతున్నా మరిదీ, కాసేపు నోరు కట్టుకో" అంది అమ్మ. తెర దగ్గర నిలబడి దాన్ని పట్టుకోవడం ఆమె పని. నాన్న "ఇంతవరకు తెరువు, చాలు, అక్కడే ఉంచు" అని గుర్తు చెప్పాడు. బాబాయి చేతిలోంచి మీటరు అందుకుని నా గడ్డం దగ్గర పెట్టి వెలుతురు చూశాడు. రింగు తిప్పాడు. లెన్సు తుడవడానికి బట్ట కోసం అల్మారా వైపు వెళ్ళాడు.

ఆ అరనిమిషంలో నేను చేసిన పని చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. స్టూలు మీంచి వంగి రింగుని ఒక గడి తగ్గించేశాను. కొసరు ఎలాగూ వేస్తాడు, దానికీ దీనికీ చెల్లు, అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయి బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను.

నాన్న వచ్చి కెమెరా వెనక వంగాడు. ఆయన చెయ్యి రింగు మీదికి వెళ్ళడం, వేళ్ళు కదలడం చూశాను. క్లిక్ మంది. అలా ముప్పై ఆరు. మధ్యలో "ఇలా చూడు తల్లీ", "గడ్డం దించు", "పెళ్ళికొడుకుని చూసినట్టు కాదు, నన్ను చూసినట్టు చూడు" అంటూనే ఉన్నాడు. ఆయన అంత ప్రేమగా ఫోటో తీయడం నేనెప్పుడూ చూడలేదు. చివరి క్లిక్కుకి ఆయన నుదురంతా చెమట.

ఫిల్ముని బాబాయి తనకి అలవాటైన లాబుకి పార్సెల్ పంపించాడు. స్లైడు కడగడం మా షాపులో కాదు. పది రోజులు పడుతుందన్నారు. ఆ పది రోజులూ నాన్న పోస్టుమాన్ కోసం ఎదురుచూసిన తీరు చూసి పక్క షాపు టైలరు "గురూగారికేమైనా ఉద్యోగం వస్తోందా?" అని నన్నడిగాడు.

పదకొండో రోజు డబ్బా వచ్చింది. అట్టముక్కల్లో బిగించిన ముప్పై ఆరు స్లైడులు. నాన్న విప్పి చూడలేదు. "అందరం కలిసే చూద్దాం" అన్నాడు. మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరగా వేసి, మేడ మీద తెర లాగి, గోడకి దుప్పటి కట్టాం. బాబాయి తన ప్రొజెక్టరు తెచ్చాడు. మొదటి స్లైడు పడింది.

దుప్పటి మీద నల్లటి చీకటి. ఆ చీకట్లో రెండు కళ్ళూ ఒక పళ్ళ వరుసా తేలుతున్నాయి.

"ప్రొజెక్టరు మూత తీశావా మరిదీ?" అంది అమ్మ.

తీశాడు. రెండోది వేశాడు. అవే కళ్ళు, అవే పళ్ళు, కాస్త పక్కకి జరిగాయి. మూడోదాంట్లో పళ్ళు లేవు, అంటే నేను నవ్వడం మానేశానన్నమాట. పదోది వచ్చేసరికి బాబాయి ప్రొజెక్టరు ఆపేశాడు. అమ్మ తెర తీసింది.

నాన్న నేల చూస్తున్నాడు. "నాకు రాలేదు" అన్నాడు మెల్లగా. "ముప్పై ఆరింటికి ముప్పై ఆరూ పాడు చేశా. అమ్మాయి కోరక కోరక ఒక్కటి కోరింది."

"అది కాదన్నయ్యా, కొసరు వేశావు కదా, నల్లగా ఎలా వచ్చింది?" అన్నాడు బాబాయి తల గోక్కుంటూ.

"వెయ్యలేదురా. నీ మాట విని కాదు, అమ్మాయి అడిగిందని. రింగు మీద చెయ్యి పెట్టిన ప్రతిసారీ వేళ్ళు వాటంతటవే తిరగబోయేవి. గట్టిగా పట్టుకుని ఆపుకున్నా. ముప్పై ఆరుసార్లు ఆపుకున్నా."

వేళ్ళు కదలడం నేను చూశాననుకున్నది అదన్నమాట. "నాన్నా," అన్నాను, "నువ్వు కొసరు వేస్తావని... నేనే రింగు ఒక గడి తగ్గించాను."

నాన్న తలెత్తాడు. ఆయన నోరు తెరిచేలోపు బాబాయి దగ్గాడు.

"అన్నయ్యా, మరి... మీటరు నీ చేతికిచ్చేముందు దాని మీద ఫిల్ము నంబరు ఒక గడి మార్చే ఇచ్చా, వెలుతురు సగమే చెప్పేలా. నువ్వు కొసరు వేస్తే సరిపోవాలని."

ఇద్దరం అడ్డంగా దొరికిపోయి నిలబడ్డాం. రెండు గడులు. నేను మనసులో లెక్కేసుకున్నాను. రెండు గడులు తగ్గితే నల్లబడుతుంది గానీ, మరీ ఇంత చీకటిగా పడదే! ముగ్గురం ఒకేసారి అమ్మ వైపు తిరిగాం. అమ్మ తెర పట్టుకున్న చెయ్యి నెమ్మదిగా వెనక్కి పెట్టుకుంది.

"నాకేం తెలుసు? ఆయన కెమెరాలోకి వంగినప్పుడల్లా తెర ఒక జానెడు మూశాను. ఈయన సంగతి నాకు తెలీదా, పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నా" అంది.

ముందు బాబాయి నవ్వాడు. తర్వాత అమ్మ. తర్వాత నేను కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఇరవై ఎనిమిదేళ్ళలో మా నాన్న ఒక్కనాడు మాట విన్నాడు, ఆ ఒక్కనాడే ఆయన్ని ఎవరమూ నమ్మలేదు. నవ్వు ఆగాక చూస్తే నాన్న ఒక్కడే నవ్వడం లేదు.

"అంటే మీలో ఒక్కరికీ నా మీద నమ్మకం లేదు" అన్నాడు. అది కోపం కాదు. కోపమైతే నాకు భయముండేది కాదు.

నాకు కోపం ముక్కు మీదుంటుందని ఇంట్లో పేరు. ఆ క్షణంలో ఎంత వెతికినా కోపం రాలేదు, ఏడుపొచ్చింది. "నువ్వెప్పుడైనా నన్ను నా రంగులో వేశావా నాన్నా, నమ్మడానికి?" అన్నాను. "నీకు నేను నచ్చక అలా తెల్లగా వేశావని కాదు. కావాలని వేసుంటే దెబ్బలాడి ఊరుకునేదాన్ని. నువ్వసలు చూడనే లేదు. రోజూ నీ పక్కనే నిలబడి పనిచేస్తున్నా. నన్ను చూసి ఆ గదిలోకి వెళ్తావు, అక్కడ ఆ కార్డుని చూసి వేస్తావు."

బాబాయి ప్రొజెక్టరు తీగ చుట్టుకుంటూ కూర్చున్నాడు. నాన్న లేచి కిందికి వెళ్ళిపోయాడు.

మర్నాడు షాపు తెరవగానే నాన్న నన్ను పిలిచాడు. చేతిలో మామూలు నెగటివ్ ఫిల్ము డబ్బా ఉంది.

"స్లైడు ఇప్పట్లో దొరకదు. పైకి రా తల్లీ, దీని మీద తీస్తా. ప్రింటు నువ్వు సరే అనేదాకా వేస్తా. కాగితం పెట్టె అయిపోతే ఇంకోటి విప్పుతా" అన్నాడు. నేను వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కెమెరా వెనక వంగి మళ్ళీ తలెత్తాడు. "కొసరు వెయ్యొచ్చా?" అని అడిగాడు, దొంగతనం చేయబోయేవాడిలా.

"వెయ్యి నాన్నా, ఎంత కావాలంటే అంత వెయ్యి" అన్నాను నవ్వాపుకోలేక.

ఫిల్ము నేనే కడిగాను. మధ్యాహ్నానికి నాన్న మొదటి నమూనా ముక్క పట్టుకొచ్చాడు. వేలెడు వెడల్పు కాగితం మీద నా చెంపా, చెవీ. రంగు చూడాలంటే ట్యూబులైటు పనికిరాదు, పగటి వెలుతురే కావాలి. గుమ్మంలోకి తెచ్చాడు. "కార్డుకి సరిగ్గా..." అని నాలుక కరుచుకున్నాడు. నేను నా చెంప చూపించాను. ముక్క తెచ్చి చెంప పక్కన పట్టుకున్నాడు. ఆయన మొహం మారింది.

"ఇంత తేడానా?" అన్నాడు.

మళ్ళీ చీకటి గదిలోకి వెళ్ళాడు. రెండో ముక్క ఎర్రగా వచ్చింది. మూడోది పచ్చగా. నాలుగోది తెచ్చేసరికి పక్క షాపు టైలరు మెడలో టేపుతో మా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. రోడ్డు మీద తండ్రి కూతురి చెంపకి కాగితాలంటిస్తుంటే ఎవరికి మాత్రం పని సాగుతుంది?

"అమ్మాయిలాగే ఉంది గానీ గురూగారూ, జ్వరమొచ్చి లేచిన అమ్మాయిలా ఉంది" అన్నాడు.

"నీ మిషను పని నువ్వు చూసుకోవయ్యా!"

"నాకు దారం కలపడం అన్నం పెట్టే పనండీ. రీలు బట్ట పక్కన పెడితే ఎప్పుడూ కలిసినట్టే ఉంటుంది. ఒక పోగు లాగి బట్ట మీద పరిచి చూడాలి. ఆ కాగితం సన్నగా కోసి, అంచు తెలుపు తీసేసి, చెంప మీదే పెట్టి చూడండి" అన్నాడు టైలరు.

నాన్న ఆయన వైపు ఒక క్షణం కోపంగా చూసి, నా కత్తెర అడిగి తీసుకున్నాడు. నాలుగోది కోసి చెంప మీద పెట్టగానే జ్వరం సంగతి ఆయనకే కనిపించింది. అయిదోది ఇంకా కాస్త లేత. ఆరోది బూడిద. అమ్మ టోకెన్లు వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. ఏడో ముక్క తెచ్చేటప్పటికి నాన్న చొక్కా మందు నీళ్ళతో తడిసిపోయింది. ముక్కని ఫ్యాను కింద ఆరబెట్టి, సన్నగా కోసి, నా చెంప మీద పెట్టి, కళ్ళజోడు పైకి తోసుకుని వంగి చూశాడు.

"ఏదీ? ఎక్కడ పెట్టానే?"

"అక్కడే ఉంది నాన్నా."

వేలితో తడిమి చూశాడు. ముక్క అంచు వేలికి తగిలింది గానీ కంటికి ఆనలేదు. నాన్న వేలు అక్కడే ఆగిపోయింది. నా మొహాన్ని ఆయన అంత దగ్గరనుంచి, అంతసేపు చూడటం నాకు తెలిసి అదే మొదటిసారి.

"ఇదా తల్లీ నీ రంగు?" అన్నాడు.

"పుట్టినప్పట్నుంచీ ఇదే నాన్నా."

ఆయన కళ్ళజోడు దించి తుడుచుకున్నాడు, అది శుభ్రంగానే ఉన్నా. అమ్మ గట్టిగా ముక్కు చీదింది. టైలరు తన షాపులోకి వెళ్తూ "మరి నన్నడగాలి ముందే" అని గొణిగాడు. సాయంత్రం నాలుగింటికి నీలం పిల్ల కిటికీ దిగింది. నా ఫోటో ఎక్కింది. దాని ముందు రోడ్డు మీద నాన్న ఎంతసేపు నిలబడ్డాడంటే, ఒక సైకిలాయన బెల్లు కొట్టీ కొట్టీ విసుగెత్తి పక్కనుంచి వెళ్ళాడు.

నాక్కావలసింది నాకు దొరికింది. అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

అయిదింటికి ఒకావిడ ఆరేడేళ్ళ పాపని వేలు పట్టుకుని వచ్చింది. వారం కిందట తీయించిన పాప ఫోటోల కోసం టోకెను ఇచ్చింది. అమ్మ కవరు తీసి కౌంటరు మీద పెట్టింది. ఇవ్వబోతుంటే నాన్న అందుకుని, ఒక ఫోటో బయటికి తీసి, కౌంటరు పైకి వంగి పాప వైపు చూశాడు. పాప నాకంటే ఒక చెయ్యి నలుపు. ముందు పన్ను ఊడి, పెద్ద కళ్ళేసుకుని చూస్తోంది.

"ఇవి ఇంకా అవలేదండీ" అన్నాడు నాన్న.

"అయ్యాయి కదండీ, నిన్ననే నేను కవర్లో పెట్టా" అంది అమ్మ.

"అవలేదు."

ఆవిడ కంగారు పడింది. "ఏమండీ, బాగా రాలేదా? నల్లగా పడిందా? కాస్త తెల్లగా వచ్చేలా చూడండి, అదంతా మీ చేతిలో పనేగా" అంది. పాప ఎదురుగానే అంది. పాప తల్లి చేతిలోంచి వేలు వదిలించుకుంది.

నాన్న ఫోటో తెచ్చి పాపకి చూపించాడు. పాప అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది.

"ఇదెవరు?" అని అడిగింది.

వాళ్ళమ్మ కూడా ఈసారి ఫోటోనీ పాపనీ మార్చి మార్చి చూసింది. నాన్న పాప ముందు వంగాడు.

"ఎవరో తల్లీ, నాకూ తెలీదు. పొరపాటు నాది. నీ ఫోటో ఇంకా వెయ్యలేదు, ఇప్పుడు వేస్తా. కాసేపు కూర్చుంటావా?" అన్నాడు. వాళ్ళమ్మ వైపు తిరిగి, "మీరూ కూర్చోండమ్మా. పాప లేకుండా ఈ ప్రింటు వెయ్యలేను" అన్నాడు.

పాపని ఎత్తి కౌంటరు మీద కూర్చోబెట్టి, నెగటివ్ తీసుకుని చీకటి గదిలోకి వెళ్ళాడు. పావుగంటకి కాగితం ముక్క ఆరబెట్టుకుంటూ వచ్చి, గుమ్మం వెలుతురు వైపు పాప మొహం తిప్పి, చెంప మీద పెట్టాడు. చక్కిలిగింత పుట్టి పాప కిలకిలా నవ్వింది. ఆ ముక్క బాగా లేతగా ఉంది. నాన్న తల అడ్డంగా ఊపి మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ అది చూసి, చూడనట్టు, పాపకి తాగడానికి నీళ్ళు తెమ్మని నన్ను లోపలికి పంపించింది.